మద్దెల నిజంగానే ఓడేమో!

"చిత్రిక పట్టినట్టున్న వాక్యం" అనే మాట నేను తరగతిలో ఇరవై ఏళ్ళుగా వాడుతున్నాను. పద్యం బాగున్నా, వచనం బాగున్నా, ఆఖరికి విద్యార్థి వ్రాసిన సెలవుచీటీ బాగున్నా నా నోటికి వచ్చే మెచ్చుకోలు అదొక్కటే. రెండేళ్ళ క్రితం ఒకనాటి మధ్యాహ్నం ముందు బెంచీలోని ఒక అమ్మాయి లేచి నిలబడి, "చిత్రిక అంటే ఏమిటి సార్?" అని అడిగింది.

"వడ్రంగులు వాడే పనిముట్టమ్మా. చెక్కను నునుపు చేస్తుంది" అన్నాను దర్జాగా.

"ఎలా చేస్తుంది సార్?"

ఎలా చేస్తుంది! నిజం చెప్పొద్దూ, నాకు తెలియదు. నిఘంటువులో అర్థం తెలుసు గానీ ఆ వస్తువును చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. ఇంతలో గంట కొట్టి నన్ను రక్షించారు.

వరండాలోకి రాగానే ఆఖరి బెంచీ కుర్రవాడొకడు నా వెనకాలే వచ్చాడు. ఏడాది మొత్తం మీద తరగతిలో నోరు విప్పని పిల్లవాడు. "సార్, చిత్రిక కడుపులో ఉలిలాంటి బిళ్ళ ఒకటి ఏటవాలుగా ఉంటుందండి. దాని అంచు అడుగు నుంచి వెంట్రుకవాసి బయటికి వస్తుంది. తోస్తూ పోతుంటే పైన పొట్టు లేస్తుందండి. మా తాతగారి దగ్గర ఉంది" అన్నాడు.

"ఇంత చక్కగా చెప్పేవాడివి, తరగతిలో చెప్పలేదేం?"

తల దించుకున్నాడు. "అందరికీ తెలిసిపోతుంది కదండీ" అన్నాడు.

ఏమి తెలిసిపోతుందో అప్పటికి నాకు బోధపడలేదు.

నాన్నగారి వాలుబల్ల

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక చిన్న ఉపద్రవం వచ్చింది. మా నాన్నగారు పల్లెటూరి బడిలో పంతులుగా పనిచేశారు. నేల మీద బాసీపట్టు వేసుకుని, ముందు ఒక టేకు వాలుబల్ల పెట్టుకుని ఉత్తరాలూ, పద్దులూ, పిల్లల మార్కులూ అన్నీ దాని మీదే వ్రాసేవారు. బల్ల పలకకు కుడివైపు అంచున సిరా మరకలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన పోయాక నాకు మిగిలిన ఆస్తి అది. దాని ముందు కాలు ఒకటి ఊడింది. కాలి చివర నాలుకలా చెక్కిన భాగం విరిగి, సగం ముక్క బల్ల అంచులో తొలిచిన గాడిలోనే ఉండిపోయింది.

"ఎవరైనా పనివాణ్ణి పిలవండి" అంది మా ఆవిడ.

నాకు పౌరుషం వచ్చింది. చిత్రిక సంగతి తెలియక పిల్లల ముందు తడబడ్డ అవమానం కూడా తోడైంది. ఫోనులో చూసి పన్నెండు పనిముట్ల పెట్టె ఒకటి తెప్పించాను. ఎర్ర పిడుల ఉలులు, తళతళలాడే రంపం, సుత్తి, కొలబద్ద, అన్నీ ఒకే పెట్టెలో పెళ్ళికొడుకుల్లా కూర్చున్నాయి. ఆదివారం ఉదయం కాఫీ తాగి పనిలోకి దిగాను. గాడి అంచున పెన్సిలుతో గీసిన గీత మీద ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. చెక్క నలిగింది గానీ తెగలేదు. ఇంకాస్త గట్టిగా వేశాను. ఉలి గీత దాటి వెనక్కి జరిగింది. మూడో దెబ్బకు టప్పున చప్పుడైంది. బల్ల అంచు మూడంగుళాల పొడవున పేలికలా చీలి నా ఒళ్ళో పడింది. చూస్తే సిరా మరకలున్న అంచే అది.

ఆ పేలికను చేత పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏదైనా అనివుంటే బాగుండేది.

"మనవల్ల కాని పని. ఆడలేక మద్దెల ఓడు అనడమెందుకు? ఉలినేమీ అనకూడదు, తప్పంతా మన చేతులదే" అనుకుని పెట్టె మూసి అటక మీద పడేశాను.

బొటనవేలు చెప్పిన తీర్పు

ఆ కుర్రవాడు గుర్తు రాకపోతే కథ అక్కడితో ముగిసేదే. మరుసటి వారం బల్లనూ, పేలికనూ, పనిముట్ల పెట్టెనూ ఆటోలో వేసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తాతగారికి డెబ్బై దాటి ఉంటాయి. వేపచెట్టు నీడన కూర్చుని గొడ్డలికి కామ వేస్తున్నారు. నన్ను చూసి లేచి, "రండి మాస్టారూ" అని నులకమంచం వాల్చారు. నేను ఆచారిగారూ అంటూ నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన బల్లను చూడలేదు. ముందు నా ఉలి అందుకుని, దాని అంచుకు అడ్డంగా బొటనవేలు మెల్లగా ఆనించి చూశారు.

"దీనికి పదును ఎప్పుడు పెట్టారండీ?"

"కొత్తదండీ. పోయిన వారమే వచ్చింది."

ఆయన నవ్వారు. "కొత్తది అంటే ఇంకా ఉలి కాలేదన్నమాట. అంగట్లో మనకు అమ్మేది ఇనుమూ, పిడీనండి. ఉలిని మనం చేసుకోవాలి. దీంతో మా గురువుగారు కొట్టినా మీ బల్ల చీలేదే."

చదువుకున్న వాణ్ణి కదా, సామెతలు నాకు బాగా తెలుసు. ఆడలేని వాళ్ళు మద్దెలను తిడతారన్నది నిజమే. కాని మద్దెల నిజంగానే ఓడైతే ఎంతటి ఆటగత్తె మాత్రం ఏం చేస్తుంది? చేతిపని మొదలుపెట్టి, నాలుగు రోజులకే "నాకు చేతకాదు" అని మానేసిన వాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళలో చాలామంది చేతులకు ఏ లోపమూ లేదు. మొండి పనిముట్టు పట్టుకున్నారు, అంతే. ఆ తర్వాత రెండేళ్ళుగా ఆదివారాలు ఆ వేపచెట్టు కింద నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. అందులో కొంత పాఠకులతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

సాన మీద

ముందుగా ఉలి సంగతి. ఉలికి రెండు ముఖాలు. ఒకటి చదునైన వీపు, రెండోది ఏటవాలుగా అరగదీసిన ముఖం. ఈ రెండూ కలిసే గీతే పదును. ఒక్క ముఖం నూరి రెండోదాన్ని వదిలేస్తే పదును రాదు. కొత్త ఉలి వీపు మీద యంత్రం గీసిన గీతలు సన్నగా కనపడతాయి. అంచు దగ్గర అంగుళం మేర ఆ వీపును సానరాయి మీద బోర్లించి, గీతలు పోయి అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఇది ఒక్కసారి చేస్తే ఆ ఉలి బ్రతికినంత కాలం సరిపోతుంది.

తర్వాత ఏటవాలు ముఖం. ఎంత వాలు ఉండాలి? మామూలు పనులకు 25 నుంచి 30 డిగ్రీలు. కోణమానిని వెతుక్కోనక్కర లేదు. ఉలి రేకు మందం ఎంత ఉందో, వాలు ముఖం పొడవు దానికి రెండింతలుంటే 30 డిగ్రీలు వచ్చినట్టే. 3 మిల్లీమీటర్ల మందానికి 6 మిల్లీమీటర్ల వాలన్నమాట. 7 మిల్లీమీటర్లుంటే సుమారు 25 డిగ్రీలు. వాలు పలచనైన కొద్దీ మెత్తని చెక్కలో హాయిగా దిగుతుంది, గట్టి చెక్కలో అంచు పళ్ళు రాలుతుంది. అందుకని టేకు, నల్లతుమ్మ వంటి వాటికి 30 డిగ్రీలే మేలు.

సానరాయి రెండు తరగతులది ఉండాలి. గరుకు వైపు 1000 నంబరు, నునుపు వైపు 4000 లేక 6000 నంబరు ఉన్న జంట రాళ్ళు ఇప్పుడు సులువుగానే దొరుకుతున్నాయి. గరుకు రాయి మీద వాలు ముఖాన్ని కోణం చెదరకుండా ముందుకూ వెనక్కూ నడపాలి. కాసేపటికి వీపు వైపు వేలితో తడిమితే అంచు పొడుగునా సన్నని గరుకు తగులుతుంది. అది తగిలిందంటే ఉక్కు అంచుదాకా అరిగిందని గుర్తు. అది రాకముందే విసిగి ఆపేసిన వాళ్ళకే పదును రాదు. ఆ తరువాత నునుపు రాయి మీద వాలునూ, వీపునూ మార్చి మార్చి నాలుగైదుసార్లు నూరితే ఆ గరుకు రాలిపోతుంది. చివరగా ఒక తోలుపట్టీ మీద వెనక్కి లాగాలి.

పదును వచ్చిందో లేదో తెలుసుకోవడానికి చేతి వెంట్రుకలు గీయించుకోనక్కర లేదు. అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మొండిదైతే అంచున తెల్లని గీత మెరుస్తుంది. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, గీత కనపడదు. లేదా మెత్తని చెక్క కొసన అడ్డంగా ఒక పొర తీయండి. పొడిగా రాలకుండా నున్నగా తెగితే పదును వచ్చినట్టే.

కరెంటు సానచక్రం మీద పెడితే నిమిషంలో అయిపోతుంది కదా అని నేనూ అడిగాను. "అయిపోతుందండి, ఉలి కూడా అయిపోతుంది" అన్నారు ఆచారిగారు. చక్రం మీద అంచు కాగి నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కుకు పట్టించిన గట్టిదనం ఆ మేరకు పోయినట్టే. మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ, తేలికగా ఆనిస్తే తప్ప చక్రం జోలికి పోరాదు. ఉక్కు మాట వచ్చింది కనుక ఒక్క ముచ్చట. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పారశీక దేశం దాకా వెళ్ళేది. దానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న 'వూట్జ్' అనే పేరు మన దక్షిణాది 'ఉక్కు' నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు. ఉక్కును ఊరికి పంపిన వాళ్ళం, ఉలికి పదును పెట్టడం మరిచిపోతే ఎలా?

ఇంటికి వచ్చి ఈ పదును విద్యనంతా మా ఆవిడకు ఉపన్యసించాను. ఆవిడ వంకాయలు తరుగుతూ విని, "కత్తిపీట మొద్దుబారినప్పుడే వేలు తెగుతుందని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. దీనికి రెండు ఆదివారాలు పట్టిందా మీకు?" అంది. మొండి పనిముట్టుకు బలం ఎక్కువ వాడతాం, బలం వాడిన చోట పట్టు తప్పుతుంది. వంటింట్లో ఉన్న ఈ శాస్త్రం నా ఎం.ఏ. లో లేకపోయింది.

దెబ్బ ఎక్కడ వేయాలి?

నా బల్ల చీలడానికి మొండిదనం ఒక్కటే కారణం కాదు. ఉలిని సరిగ్గా గీత మీద ఆనించాను. అదీ తప్పే. ఉలి అంచు చీలలాంటిది. ఏటవాలు ముఖం ముందున్న చెక్కను తోస్తుంటే, ఆ తోపుకు ఉలి వెనక్కి, గీత దాటి జరుగుతుంది. అందుకని గాడి తొలిచేటప్పుడు గీతకు కొంచెం లోపల, తీసేయవలసిన చెక్కలో మొదలుపెట్టాలి. మధ్యభాగమంతా ఖాళీ అయ్యాక, చివరి పొరను చేతి ఒత్తిడితోనే గీత మీదికి తెచ్చుకోవాలి. గీతను పెన్సిలుతో కాక చాకుకొనతో గీస్తే చెక్క పైపోగులు ముందే తెగి అంచు చీలకుండా నిలుస్తుంది. ఉలిపిడిని కొట్టడానికి ఇనుపసుత్తి కంటే కొడతి మేలు. కొయ్య మీద కొయ్య దెబ్బ కనుక పిడి పగలదు. అన్నిటికంటే ముఖ్యం, ఉలి నడిచే దారిలో మన చెయ్యి ఎన్నడూ ఉండకూడదు. చెక్కను బిగించి, రెండు చేతులూ అంచుకు వెనకనే ఉంచుకోవాలి.

రెండు రకాల పళ్ళు

రంపాలన్నీ ఒకటే అనుకునే వాణ్ణి. చెక్కను పొడవునా చీల్చడం వేరు, అడ్డంగా కోయడం వేరు అని తెలిశాక నా పెట్టెలోని రంపం నిలువుకోతలో ఎందుకు మొరాయించిందో అర్థమైంది. చెక్కంటే పొడుగాటి నార కట్టలే. నిలువుకోత రంపం పళ్ళు చిన్న చిన్న ఉలుల్లా ఎదురుగా చెక్కుతూ పోతాయి. అడ్డకోత రంపం పళ్ళు చాకుకొనల్లా ఉండి నారను రెండు వైపులా తెంపుతాయి. నిలువుకోతకు అంగుళానికి 5 నుంచి 7 పళ్ళు, అడ్డకోతకు 8 నుంచి 12 పళ్ళు సరిపోతాయి. అతుకుల వంటి సన్నపనికి 12 పైబడి పళ్ళుండి, వీపున ఇనుపపట్టీ ఉన్న చిన్న రంపం వాడతారు.

పళ్ళను గమనిస్తే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కాస్త వంగి ఉంటాయి. అందువల్ల కోత గాడి రేకు మందం కన్నా వెడల్పుగా పడి రంపం ఇరుక్కోదు. జపాను రంపాలు తోసేటప్పుడు కాక లాగేటప్పుడు కోస్తాయి. లాగే రేకు వంగదు కనుక చాలా పలచగా చేయగలుగుతారు. కొత్తగా నేర్చుకునే వారికి అవీ మంచివే.

ఈ రోజుల్లో చాలా రంపాల పళ్ళ కొనలు నల్లగా, నీలంగా ఉంటాయి. అవి కరెంటు వేడితో గట్టిపరచినవి. చాలాకాలం కోస్తాయి గానీ మొద్దుబారితే ఆకురాయి ఎక్కదు, పారేయవలసిందే. మనవల దాకా మిగలాలనుకుంటే మూడుపలకల ఆకురాయితో పదును పెట్టుకోగలిగే పాతకాలపు రంపమే కొనాలి. కోసేటప్పుడు చూపుడువేలు రంపం పొడుగునా చాపి పట్టండి, అది దారి చూపుతుంది. మొదట రెండు మూడుసార్లు వెనక్కి లాగి గాడి పడనివ్వండి. ఆ పైన రంపాన్ని నొక్కకండి. దాని బరువే దానికి చాలు.

చిత్రిక సాక్షాత్కారం

చివరకు నా చిత్రిక! తెలంగాణ మిత్రులు దీన్ని రందా అంటారు. క్రీస్తు శకం 79 లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయిన పాంపే నగరం తవ్వకాల్లో రోమను వడ్రంగుల చిత్రికలు బయటపడ్డాయి. చూడగానే ఇది చిత్రిక అని మన ఊరి వడ్రంగి చెప్పగలిగేటంత పోలిక వాటిది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో లియొనార్డ్ బెయిలీ ఇనుప చిత్రికకు మరలు అమర్చి, బిళ్ళను వెంట్రుకవాసి దించడం, ఎత్తడం సులువు చేశాడు. నేటి ఇనుప చిత్రికలు చాలా వరకు ఆ పద్ధతివే. 4వ నంబరుది సుమారు పది అంగుళాలు, తుది నునుపుకు. 5వ నంబరుది 14 అంగుళాలు, అన్ని పనులకూ. ఇంటికి ఒక్కటే కొనదలిస్తే 5వ నంబరు కొనండి. పొట్టి చిత్రిక చెక్క పల్లాల్లోకి కూడా దిగి నునుపు చేసుకుంటూ పోతుంది. పొడుగుది మిట్టల మీదనే ఆగి, వాటిని కోసి, పలకను తిన్నగా చేస్తుంది.

బిళ్ళకు ఉలిలాగే పదును పెట్టాలి. అడుగుభాగానికి కొవ్వొత్తి రాస్తే జారుతూ పోతుంది. అన్నిటికంటే ముఖ్యం నార వాటం. పిల్లి వీపును తల నుంచి తోకకు నిమిరితే మురిసిపోతుంది, ఎదురు నిమిరితే రక్కుతుంది. చెక్కా అంతే. పలక పక్క అంచున నార గీతలు ఏ వైపుకు ఎక్కుతున్నాయో చూసుకుని అటువైపే తోయాలి. ఎదురు తోస్తే బిళ్ళ నార కిందికి దూరి ముక్కలుగా పీకుతుంది.

ఆచారిగారు నా చేతుల మీద తన చేతులు వేసి మొదటిసారి తోయించారు. చిత్రిక నోట్లోంచి ఉల్లిపొరలాంటి చెక్కపొర సుడులు తిరుగుతూ లేచింది. వెలుతురుకు పెడితే అవతల వేపాకులు కనిపించాయి. ఇరవై ఏళ్ళుగా నేను వాడుతున్న మాటను ఆ రోజు మొదటిసారి విన్నాను. సుయ్యిమని ఒకే శ్రుతిలో వినిపించింది.

చెక్కను బట్టి చెయ్యి

పనిముట్టును చెక్కతో సంబంధం లేకుండా ఎంచకూడదని ఆచారిగారి మాట. మన కొండపల్లి బొమ్మలు తెల్లపొణికితో చేస్తారు. అది చాలా తేలిక, మెత్తన. బొమ్మ భాగాలను చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఏటికొప్పాక లక్కబొమ్మలది అంకుడు కర్ర. నున్నని, సన్ననార కర్ర కనుక తిరిగే పట్టె మీద చక్కగా నునుపు తేలుతుంది. బొబ్బిలి వైపు గొల్లపల్లిలో వీణలు పనసకర్రతో, ఒకే దుంగను తొలిచి చేస్తారు. టేకు చెదలకు లొంగదు గానీ దానిలో ఇసుకజాతి పదార్థం ఉండడం వల్ల పదును తొందరగా పోతుంది. టేకు పని చేసేవాడు ఉలి కంటే సాన దగ్గరే ఎక్కువసార్లు కూర్చోవాలి.

కర్ర వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. అదీ పొడవులో కాదు, వెడల్పులో. ఈ సంగతి తెలియక, చిత్రిక పట్టడం వచ్చిందన్న ఉత్సాహంలో నేను శ్రావణమాసంలో బిగుసుకున్న మా పెరటి తలుపు అంచును చక్కగా తోసేశాను. శివరాత్రికి ఆ సందులోంచి బల్లుల రాకపోకలు మొదలయ్యాయి. వానాకాలం బిగిసిన తలుపును ఎండలు వచ్చేదాకా ఓర్చుకోవాలని గృహస్థులందరికీ నా మనవి.

ఏమేమి కొనాలి?

పన్నెండు పనిముట్ల పెట్టె వద్దు. ఆ డబ్బుతో మూడు ఉలులు (పావంగుళం, అరంగుళం, అంగుళం), ఒక జంట సానరాయి, ఒక కొడతి, ఒక రంపం, ఒక మూలమట్టం, చెక్క బిగించుకోవడానికి రెండు బిగింపు మరలు కొనండి. చిత్రిక ఆరు నెలల తర్వాత కొనవచ్చు. సానరాయి లేకుండా ఉలి కొనడం చమురు లేకుండా దీపం కొనడంలాంటిది.

మూలమట్టాన్ని అంగట్లోనే పరీక్షించండి. తిన్నని అంచుగల పలకకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకొక గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిది. విడిపోతే అది తప్పుడు మట్టం. ఆ ఎడం అసలు తప్పుకు రెండింతలు చూపిస్తుంది.

పాతసామాన్ల కొట్లో దొరికే పనిముట్లను చిన్నచూపు చూడకండి. పై తుప్పు గీకితే పోతుంది. గుంటలు పడ్డ తుప్పు మాత్రం, అదీ ఉలి వీపున అంచు దగ్గర ఉంటే వదిలేయండి. పిడి విరిగితే నల్లతుమ్మతో కొత్తది వేసుకోవచ్చు. రేకు పగిలితే మందులేదు.

పేలిక

ఇన్నీ నేర్చుకున్నాక నాన్నగారి బల్లకు కాలు నేనే వేశాను. విరిగిన ముక్కను గాడిలోంచి పొరలు పొరలుగా తీయడానికి ఒక ఆదివారం, కొత్త నాలుక చెక్కడానికి ఇంకో ఆదివారం పట్టింది. చీలిన పేలికను ఆచారిగారు జిగురుతో అతికి, బిగించి, మర్నాటి దాకా ముట్టుకోనివ్వలేదు. సిరా మరక దాని చోటికి అది వచ్చింది. మధ్యలో సన్నని గీత ఒకటి మాత్రం మిగిలింది. దాన్ని కప్పేస్తానన్నారు. వద్దన్నాను.

ఆయన కొడుకు ఊళ్ళోనే కరెంటు యంత్రాలతో తలుపుల కార్ఖానా నడుపుతున్నాడు. "వాడిది తప్పనను మాస్టారూ. నేను వారం చేసే పని వాడు పూటలో చేస్తాడు. కాని ఈ పెట్టె తెరిచేవాడు లేడు" అన్నారు తన పనిముట్ల పెట్టె చూపిస్తూ. మనవడు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆ రోజుకు నాకు వరండాలో వాడన్న మాట అర్థమైంది. కులవృత్తి బయటపడుతుందని తరగతిలో నోరు విప్పని పిల్లవాడు వాడు. మనం పద్యాలను చిత్రికతో పోల్చి మెచ్చుకుంటాం. చిత్రిక పట్టే ఇంటి పిల్లవాడు మాత్రం ఆ మాట వినగానే తల దించుకునేలా చేశాం.

మరునాడు గ్రంథాలయం నుంచి మాండలిక వృత్తి పదకోశం తెచ్చాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన సాహిత్య అకాడమీ 1962 లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టి, 1971 లో చేనేత పదాలను వెలువరించిన ప్రయత్నం అది. పండితులు ఊరూరా తిరిగి రైతులనూ, నేతగాళ్ళనూ అడిగి మాటలు సేకరించారు. "ఆ పండితులకు మీ తాతగారిలాంటి వాళ్ళే గురువులు" అని ఆ కుర్రవాడికి చూపించాను. వాడు పుస్తకం చాలాసేపు తిరగేశాడు. ఏమీ అనలేదు.

పై సోమవారం వాడు సంచిలో చిత్రిక పెట్టుకుని వచ్చాడు. నేను అడగలేదు. మొదటి గంటలోనే ముందుకు వచ్చి, నా బల్ల మీద చెక్కముక్క బిగించి, "చిత్రిక అంటే ఇదండీ" అని తోశాడు. పొర సుడి తిరిగి లేచింది. అది బెంచీ బెంచీకీ చేతులు మారింది. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి దాన్ని పుస్తకంలో పెట్టుకుంది. "పదును ఎలా పెడతారు?" అని ఇంకెవరో అడిగారు. ఆ గంటంతా వాడే చెప్పాడు. నేను వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను.

ఈ వ్యాసం నాన్నగారి వాలుబల్ల మీదనే వ్రాస్తున్నాను. కాలు కదలడం లేదు. వ్రాస్తూ వ్రాస్తూ ఆగినప్పుడల్లా నా వేలు ఆ అతుకు గీత మీదికి పోతుంది.